ఆడిట్, అకౌంటింగ్ పరిశోధన గురించి విశాఖలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ద్వారకా నగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన శిక్షణ) చేశాను. తర్వాత పరిశోధన వైపు వచ్చాను. ఇప్పుడు కామర్స్ పాఠాలు చెబుతున్నాను. బీకాం పిల్లలు, సీఏ ఇంటర్ రాసేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, ఆటోనగర్‌లో చిన్న యూనిట్లు నడిపేవాళ్లు, ఒక్కోసారి ఆడిటర్లు కూడా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక తగ్గిపోతోంది కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. వరుసగా చదవాల్సిన పని లేదు.

అకౌంటింగ్‌లో పరిశోధించడానికి ఏముంటుంది సార్? డెబిట్, క్రెడిట్ ఎప్పుడో తేలిపోయాయి కదా?

తేలిపోయాయి. జంట పద్దు విధానాన్ని లూకా పాచోలీ వివరించిన పుస్తకం 1494లోనే వెనిస్‌లో అచ్చయింది. పద్దు ఎలా రాయాలన్నది ఇప్పుడెవరూ పరిశోధించరు. రాసినవాడు అలాగే ఎందుకు రాశాడు, చదివినవాడు దాన్ని నమ్మి ఏం చేశాడు, మధ్యలో సంతకం పెట్టినాయన ఏం చూశాడు, ఏం చూడకుండా వదిలేశాడు అన్నవే ఇప్పటి ప్రశ్నలు.

ఈ దారి 1968లో పడింది. కంపెనీ ఏటా ప్రకటించే లాభానికీ షేరు ధరకీ సంబంధం ఉందా అని రే బాల్, ఫిలిప్ బ్రౌన్ అనే ఇద్దరు లెక్కలు తీశారు. సంబంధం ఉంది. అయితే ఆ లాభంలోని కబురు చాలా వరకు ప్రకటన వెలువడేలోపే ధరలోకి చేరిపోతోందని కూడా తేలింది. అంటే వార్షిక నివేదిక వచ్చేసరికి మార్కెట్‌కి కథలో చాలా భాగం ముందే తెలుసు.

ఆడిట్ విషయానికొస్తే 1981లో లిండా డీయాంజెలో చెప్పిన మాట నేటికీ అందరికీ మొదటి మెట్టు. ఆడిట్ నాణ్యతలో రెండు భాగాలున్నాయంది ఆవిడ. తప్పు ఉంటే ఆడిటర్ కనిపెట్టగలడా? కనిపెట్టాక బయటికి చెబుతాడా? మొదటిదానికి తెలివి చాలు, రెండోదానికి ఎవరి మీదా ఆధారపడని పరిస్థితి ఉండాలి. ఈ పేజీలో మిగతా జవాబులన్నీ తిరిగి తిరిగి ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తాయి. టెక్నాలజీ గురించి మాట్లాడేవాళ్లు మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నా మనసు మాత్రం ఎప్పుడూ రెండోదాని మీదే.

సత్యం గొడవ జరిగి ఇన్నేళ్లయింది. ఇంకా దాన్నే పాఠంగా చెప్పడం ఎందుకు?

మన తెలుగువాళ్ల కంపెనీ కాబట్టి కాదు. ఆ మోసంలో అసలు గుట్టు అంత తేలికైనది కాబట్టి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. నూటికి 94 రూపాయలు గాలిలో ఉన్నాయన్నమాట. తరుగుదల, గుడ్‌విల్ లాంటి వాటిలో అంచనాలుంటాయి, వాదించుకోవచ్చు. బ్యాంకు నిల్వలో వాదనేముంది? బ్యాంకుని అడిగితే చెబుతుంది. అడగాల్సింది ఆడిటర్ తనంతట తాను. ఆ ఉత్తరం మీద, జవాబు వచ్చే దారి మీద పట్టు ఆడిటర్ చేతిలోనే ఉండాలని ఆడిటింగ్ ప్రమాణం 505 చెబుతుంది.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆర్టికల్స్ మొదటి ఏడాది ఒక క్లయింటు దగ్గర బ్యాంకు కన్ఫర్మేషన్ లెటర్లు తయారు చేసి, పోస్ట్ చేయమని ఆ కంపెనీ అకౌంటెంట్ చేతికే ఇచ్చేశాను. ఆయన టీ తెప్పించి "మీరెందుకు బాబూ ఎండలో తిరగడం, మా బాయ్ బ్యాంకుకే వెళ్తున్నాడు" అన్నారు. రెండు రోజుల్లో సీలుతో సహా జవాబులు తెచ్చి ఇచ్చారు. అవన్నీ నిజమైనవే అని నా నమ్మకం. నమ్మకమే, నాకు తెలిసింది మాత్రం ఏమీ లేదు.

2020 జూన్‌లో జర్మనీలో వైర్‌కార్డ్ అనే చెల్లింపుల కంపెనీ కూలినప్పుడు కూడా ఇదే కథ. 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్‌లోని రెండు బ్యాంకుల్లో ఉన్నాయని కాగితాలు చెప్పాయి. ఆ కాగితాలు నకిలీవని ఆ బ్యాంకులు చెప్పాయి. రెండు ఘటనల మధ్య 11 ఏళ్ల తేడా, ఖండం వేరు, ఆడిట్ సంస్థ వేరు, లేని డబ్బు ఉన్న చోటు మాత్రం ఒకటే.

ఫీజు ఇచ్చేది కంపెనీయే అయినప్పుడు ఆడిటర్ నిజం ఎందుకు రాస్తాడు?

అడిగినవాళ్లలో ఎక్కువమంది నవ్వుతూ అడుగుతారు. నిజానికి ఈ రంగంలో ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదు.

దీనికి నాకు తెలిసిన మంచి జవాబు గుజరాత్ నుంచి వచ్చింది. అది లెక్కల ఆడిట్ కాదు, కాలుష్యం ఆడిట్. అక్కడ కొన్ని రకాల ఫ్యాక్టరీలు తమ పొగ, వ్యర్థ జలాలను బయటి ఆడిటర్లతో పరీక్ష చేయించి కాలుష్య నియంత్రణ మండలికి నివేదిక ఇవ్వాలి. ఆడిటర్‌ని ఎంచుకునేదీ డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ కలిసి అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో ఒక ప్రయోగం చేశారు. 2013లో ఫలితాలు అచ్చు వేశారు.

కొన్ని ఫ్యాక్టరీలను పాత పద్ధతిలోనే వదిలేశారు. మిగతావాటికి మూడు మార్పులు తెచ్చారు. ఏ ఫ్యాక్టరీకి ఏ ఆడిటర్ వెళ్లాలన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఫీజు ఒక ఉమ్మడి నిధి నుంచి, ముందే నిర్ణయించిన మొత్తంగా ఇచ్చారు. ఆడిటర్ వెళ్లొచ్చాక, చెప్పకుండా మరో బృందాన్ని పంపి అవే కొలతలు మళ్లీ తీయించారు. రెండో ఏడాది, కొలత సరిగ్గా ఉంటే ఆడిటర్‌కి ఎక్కువ డబ్బు అన్నారు.

పాత పద్ధతిలో ఉన్న ఫ్యాక్టరీల నివేదికలు చూస్తే కాలుష్యం అంకెలన్నీ అనుమతించిన పరిమితికి సరిగ్గా కాస్త కిందనే గుంపుగా కూర్చున్నాయి. మళ్లీ కొలిస్తే అసలు అంకెలు ఎక్కడెక్కడో ఉన్నాయి. కొత్త పద్ధతిలో పని చేసిన ఆడిటర్లు తప్పుడు 'పాస్' రాయడం దాదాపు 80 శాతం తగ్గింది. మనుషులు మారలేదు, వాళ్ల చదువులు మారలేదు, చేతిలో యంత్రాలూ మారలేదు. డబ్బు వచ్చే దారి, వెనక నుంచి మళ్లీ చూసే కన్ను, ఇవే మారాయి. ఆపైన ఫ్యాక్టరీలు నిజంగానే కాలుష్యం తగ్గించుకున్నాయి.

బొగ్గు దుమ్ము పడి ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కునే ఊరివాళ్లం కాబట్టి మనకు ఈ పేపర్ రెండు విధాలా దగ్గర. క్లాసులో ఇది చెప్పిన రోజు పాత నగరం నుంచి వచ్చే పిల్లలు నిద్రపోరు.

కంపెనీల ఆడిట్‌కి దీన్ని ఉన్నదున్నట్టు తీసుకురాలేం. పెద్ద కంపెనీ లెక్కలు అర్థం చేసుకోవడానికే ఆడిటర్‌కి ఒకటి రెండేళ్లు పడుతుంది, చీటీ తీసి పంపితే ఆ అనుభవం పోతుంది. 2013 కంపెనీల చట్టం మధ్యేమార్గం పట్టింది. లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో నమోదైన) కంపెనీలు, ఒక స్థాయి దాటిన ఇతర కంపెనీలు ఒక ఆడిట్ సంస్థని వరుసగా 10 ఏళ్లకు మించి ఉంచుకోకూడదు. ఇలా మార్చడం వల్ల నాణ్యత పెరిగిందా అన్నదాని మీద వివిధ దేశాల పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. ఆడిటర్ల మీద నిఘాకు 2018 అక్టోబర్ 1న జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ వచ్చింది. అందరూ 'ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ' అనే అంటారు. గుజరాత్ ప్రయోగంలో వెనక నుంచి చూసిన కన్ను ఉంది చూశారా, ఇది దానికి మనకున్న దగ్గరి చుట్టం.

డ్రోన్‌తో స్టాక్ లెక్కపెడతారట, నిజమేనా?

నిజమే. మన ఊరికి బాగా పనికొచ్చే పరిశోధన కూడా ఇదే.

మార్చి 31న స్టాక్, అంటే నిల్వ ఉన్న సరుకు, చూడటానికి వెళ్లిన ఆర్టికల్ కుర్రాళ్లని అడగండి, బొగ్గు కుప్ప ముందు నిలబడితే ఎలా ఉంటుందో. బస్తాలైతే లెక్కపెట్టొచ్చు. కుప్పని ఏం చేస్తాం? కుప్ప కొలతలు తీసి ఘనపరిమాణం కట్టాలి, దాన్ని సాంద్రతతో హెచ్చించాలి, తేమ తీసేయాలి. అడుగున ఎంత నేలలోకి దిగిపోయిందో, ఎంత మట్టి కలిసిందో ఎవరికీ తెలియదు. గాజువాక వైపు ఒక యార్డులో మాకు చూపించిన కుప్ప మీద అప్పటికే ఒక బోర్డు ఉంది, దాని మీద టన్నులు రాసి ఉన్నాయి. మా సీనియర్ ఆ అంకెని చూసి, కుప్పని చూసి, మళ్లీ అంకెని చూసి, రాసుకోమన్నాడు. కాకి లెక్కలంటే అవే.

2021లో వచ్చిన ఒక అధ్యయనంలో మార్గరెట్ క్రైస్ట్, స్కాట్ ఎమెట్, స్కాట్ సమర్స్, డేవిడ్ వుడ్ గొర్రెలు లెక్కపెట్టారు. నవ్వకండి. పెద్ద గొర్రెల పెంపకం సంస్థకు గొర్రెలే స్టాక్. మనుషులు లెక్కిస్తే 681 గంటలు పట్టిన పని, డ్రోన్ ఫోటోలు, లెక్కించే సాఫ్ట్‌వేర్ కలిసి 19 గంటల్లో తేల్చాయి. తప్పు 0.15 శాతం నుంచి 0.03 శాతానికి తగ్గింది. కుప్పలకు కూడా ఇదే సూత్రం పనికొస్తుంది. పైనుంచి చాలా కోణాల్లో ఫోటోలు తీసి, వాటిని కలిపి కుప్ప ఆకారం కట్టి, పరిమాణం లెక్కిస్తారు. సాంద్రత, తేమ మాత్రం నేల మీదికి దిగి నమూనా తీస్తేనే తెలుస్తాయి.

విశాఖలో ఒక చిక్కుంది. ఇది తూర్పు నౌకాదళం కేంద్రం. ఊళ్లోని విమానాశ్రయం నేవీ వాళ్ల వైమానిక స్థావరం ఐఎన్‌ఎస్ డేగాలోది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా విడదీశారు. ఎరుపులో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. క్లయింటు గోడ లోపలే కదా అని ఎగరేస్తే స్టాక్ రిపోర్టు బదులు ఇంకేదో రాసుకోవాల్సి వస్తుంది. ముందు మ్యాప్ చూసుకోండి.

మొదటి అంకె చూసి దొంగ బిల్లులు పట్టేస్తారంటారు, అదేమిటి?

బెన్‌ఫర్డ్ సూత్రం. సహజంగా పుట్టిన అంకెల పట్టికల్లో 1తో మొదలయ్యేవి సుమారు 30.1 శాతం, 9తో మొదలయ్యేవి 4.6 శాతమే ఉంటాయి. లాగరిథం పుస్తకాల్లో మొదటి పేజీలు ఎక్కువ నలిగిపోవడం గమనించి 1881లో సైమన్ న్యూకాంబ్ దీన్ని చెప్పాడు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ రకరకాల పట్టికల మీద పరీక్షించాడు. 1990లలో మార్క్ నిగ్రిని అకౌంటింగ్‌లోకి తెచ్చాడు. లోపల కూర్చుని బిల్లులు కల్పించేవాడు అన్ని అంకెలనీ సమానంగా వాడతాడు, అక్కడే దొరుకుతాడు.

మన బిల్లుల మీద దీన్ని పెట్టేటప్పుడు జాగ్రత్త. ఒకరికి ఒక రోజులో 10,000 రూపాయలు దాటి నగదు చెల్లిస్తే ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో మామూలుగా ఒప్పుకోరు. అందుకని 9,800, 9,900, 9,950 బిల్లులు వరదలా ఉంటాయి. 9 దగ్గర గుట్ట కనబడగానే ఒక విద్యార్థిని ఫోన్ చేసి "మోసం దొరికింది సార్" అంది. దొరికింది అలవాటు. ఒకే కూలీ మేస్త్రీ పేరు మీద ఒకే రోజు మూడు 9,900లు ఉన్నాయా అన్నది ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న. అది అడిగాక ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి గొంతు తగ్గించి.

కంపెనీ మోసం చేస్తోందని కంప్యూటర్ ముందే చెప్పేయగలదా?

కొంత వరకు. 1999లో మెస్సోద్ బెనీష్ 8 నిష్పత్తులతో ఒక స్కోరు అచ్చు వేశాడు. రావాల్సిన బాకీలు అమ్మకాలకంటే వేగంగా పెరుగుతున్నాయా, లాభశాతం పడిపోతోందా, లాభం ఉన్నా నగదు రావట్లేదా, ఇలాంటివి. 1998లో కార్నెల్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఈ మోడల్ వాడి అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ లెక్కల మీద అనుమానం రాశారు. ఎన్‌రాన్ కూలింది 2001లో.

అయితే ఒక చిన్న లెక్క వేయండి. 1,000 కంపెనీల్లో 10 మోసం చేస్తున్నాయనుకుందాం. మన మోడల్ ఆ పదిలో 8 పట్టుకుంటుంది, మంచివాటిలో నూటికి పదింటిని పొరబాటున అనుమానిస్తుంది. జాబితాలో మొత్తం 107 పేర్లు వస్తాయి, అందులో దొంగలు 8 మందే. మిగతా 99 మంది గుమ్మం ఎక్కి ఏం చెబుతారు? మోసం అరుదైనది కావడమే ఈ పరిశోధనకి తలనొప్పి.

మరో సంగతి. 2020లో ఒక పేరున్న జర్నల్‌లో మెషిన్ లెర్నింగ్‌తో మోసాలు పట్టే పేపర్ వచ్చింది. ఒకే కంపెనీ వరుసగా కొన్నేళ్లు చేసిన మోసాన్ని డేటాలో ఎలా లెక్కించారన్న దగ్గర మరో పరిశోధకుడు తప్పు పట్టాడు. రచయితలు సవరణ ప్రకటించాల్సి వచ్చింది. అది దొరికిందంటే కారణం, రచయితలే తమ కోడ్ అందరికీ ఇచ్చి ఉండటం. దాచుకున్నవాళ్ల తప్పులు దొరకవు. మా పరిశోధకులకి కూడా ఆడిట్ కావాలి మరి.

ఏఐ వచ్చాక మా అబ్బాయికి సీఏ చదివించడం దండగా?

ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రుల ముఖంలో టెన్షన్ చూస్తే సూటిగా జవాబు చెప్పాలనిపిస్తుంది. తెలిసినంతవరకు చెబుతాను.

అమెరికాలోని 36 పెద్ద ఆడిట్ సంస్థల ఉద్యోగుల రెజ్యూమేల ఆధారంగా ఫెడిక్ బృందం 2022లో ఒక పేపర్ వేసింది. ఏఐ మీద ఎక్కువ పెట్టుబడి పెట్టిన సంస్థల్లో, ఆడిట్ అయిపోయాక లెక్కలు వెనక్కి తీసుకుని సవరించుకునే కేసులు తగ్గాయి. ఫీజులు తగ్గాయి. కొన్నేళ్ల తర్వాత అకౌంటింగ్ ఉద్యోగులూ తగ్గారు. కాబట్టి ఏమీ కాదు అని భరోసా ఇవ్వలేను. వోచర్‌కి టిక్కు పెట్టడమే పనిగా బతకాలనుకుంటే కష్టం.

అదే ఏడాది కామర్‌ఫోర్డ్, డెనిస్, జో, ఉల్లా మరో వైపు చూశారు. కంపెనీ యాజమాన్యం వేసిన ఒక క్లిష్టమైన అంచనా తప్పని ఆడిటర్లకు చెప్పారు. కొందరికి తమ సంస్థలోని మానవ నిపుణుడు చెప్పినట్టు, కొందరికి తమ సంస్థ ఏఐ చెప్పినట్టు. సాక్ష్యం ఒకటే. ఏఐ మాట విన్నవాళ్లు క్లయింటుని అడిగిన సవరణ చిన్నది. నాకు దీంట్లో పైన చెప్పిన రెండో ప్రశ్నే కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్న ఎండీ "ఎందుకు తగ్గించాలి?" అన్నప్పుడు, "కంప్యూటర్ చెప్పింది సార్" అని గట్టిగా నిలబడటం కష్టం. నిలబడాలంటే ఆ అంకె ఎలా వచ్చిందో ఆడిటర్‌కి లోపల అర్థమై ఉండాలి. అర్థం కావాలంటే చదవాలి. అందుకే చదివించమనే అంటున్నాను.

చాట్‌జీపీటీ మీద 2023లో వచ్చిన పేపర్ సరదాగా ఉంటుంది. 14 దేశాల్లోని 186 సంస్థల నుంచి 327 మంది రచయితలు తమ క్లాసు ప్రశ్నలన్నీ కలిపి దానికి పెట్టారు. విద్యార్థుల సగటు 76.7 శాతం, దాని మార్కులు 47.4 శాతం. ఆడిటింగ్ ప్రశ్నల్లో కాస్త నయం, పన్నుల్లో బోల్తా. మన పిల్లలు ఈ అంకెలు చూసి సంబరపడేలోపే, దాని తర్వాతి మోడల్ అమెరికా సీపీఏ లాంటి పరీక్షల్లో గట్టెక్కిందని మరో అధ్యయనం వచ్చింది.

ట్యాలీలో ఎడిట్ లాగ్ గోల ఏమిటి?

2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే ట్యాలీ లాంటి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి మార్పునీ తేదీతో సహా గుర్తుపెట్టుకోవాలి (ఆ చిట్టానే ఎడిట్ లాగ్), ఆ సదుపాయాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది ఏడాది పొడవునా పని చేసిందా లేదా అని ఆడిటర్ తన నివేదికలో రాయాలి. ఆటోనగర్‌లో ఒక యజమాని నన్ను "అంటే తప్పు రాసి దిద్దుకున్నా తప్పేనా?" అని అడిగాడు. తప్పు కాదు, దిద్దినట్టు కనబడుతుంది, అంతే. పాతకాలం గుమస్తా కొట్టివేసి పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు కదా, అదే.

పరిశోధన కోసం ఎదురు చూసేవాళ్లకి ఇది గని. ఏ కంపెనీల్లో లాగ్ లేదని ఆడిటర్లు రాశారు, ఆ తర్వాత ఆ కంపెనీలకి ఏమైంది, మార్పులు మార్చి 31 దాటాక ఎందుకు ఎక్కువవుతాయి? వార్షిక నివేదికలు తెరిచి కూర్చుంటే చాలు. ప్రయోగశాల అక్కర్లేదు.

బ్లాక్‌చెయిన్?

ఒకసారి రాసింది చెరపలేకుండా చాలా కంప్యూటర్లలో గొలుసులా దాచే పద్దు పుస్తకం అది. దొంగ బిల్లుని బ్లాక్‌చెయిన్‌లో ఎక్కిస్తే అది చెరిపేయలేని దొంగ బిల్లు అవుతుంది. లారీలో సరుకు నిజంగా దిగిందా అన్నది గొలుసుకి తెలియదు. మంచి పేపర్లున్నాయి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను సలహా ఇవ్వను.

నివేదికల్లోని మాటల మీద కూడా పరిశోధన చేస్తారా?

చేస్తారు. కష్టకాలంలో ఉన్న కంపెనీల నివేదికలు చదవడానికి మరింత కష్టంగా ఉంటాయని 2008లో ఫెంగ్ లీ చూపించాడు. లాభం బాగుంటే చిన్న వాక్యాలు, బాగాలేకపోతే కొండవీటి చాంతాడు. 2011లో టిమ్ లాఫ్రన్, బిల్ మెక్‌డొనాల్డ్ మరో చిక్కు విప్పారు. మాటల్లో మంచి చెడ్డలు లెక్కించడానికి అప్పటిదాకా వాడుతున్న హార్వర్డ్ పదకోశంలో చెడ్డవని గుర్తించిన మాటల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఆర్థిక నివేదికల్లో చెడ్డవి కావు. 'పన్ను', 'ఖర్చు', 'అప్పులు' అన్నవి ఆ రంగంలో రోజువారీ మాటలు. తెలుగులోనూ అంతే. ఇంట్లో 'అప్పు' అంటే దిగులు, బ్యాంకు బ్యాలెన్స్ షీట్‌లో మనం వేసుకున్న డిపాజిట్లే వాళ్లకు అప్పులు. సహకార సంఘాల తెలుగు నివేదికల మీద ఇలాంటి పని ఎవరైనా చేస్తే చదవాలని నాకు కోరిక.

పర్యావరణం నివేదికలు కూడా అకౌంటింగేనా?

ఇప్పుడు అవును. 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) అనే నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. నీళ్లు, కరెంటు, ఉద్గారాలు, ఉద్యోగుల వివరాలు అందులో ఉంటాయి. ముఖ్యమైన కొన్ని అంకెలను బయటివాళ్లతో సరిచూపించుకోవడం పైవరుస కంపెనీలతో మొదలై కిందికి వస్తోంది. ఆ బయటివాళ్లని ఎవరు ఎంచుకుంటారు, ఎవరు డబ్బిస్తారు? గుజరాత్ జవాబు మళ్లీ చదవండి.

విశాఖలో ఉండి ఏ అంశం తీసుకోవచ్చు?

'పెట్టుబడిదారుల అవగాహనపై ఒక అధ్యయనం, విశాఖ జిల్లా' తప్ప ఏదైనా. ఆ పేరుతో ఎన్ని ప్రశ్నావళులు నింపానో నాకే లెక్క లేదు.

రొయ్యలు చూడండి. బతికున్న పశువులు, చేపలు, రొయ్యల్లాంటి వాటిని అమ్మకపు ఖర్చులు తీసేసిన ప్రస్తుత ధరకు చూపాలని భారత అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 41 అంటుంది. చెరువులో ఎన్ని రొయ్యలు బతికున్నాయో పైకి కనబడదు. వల విసిరి నమూనా తీసి, కౌంట్ ఎంత పడిందో చూస్తారు. కిలోకి 50 వస్తే 50 కౌంట్, 30 వస్తే 30 కౌంట్, ధరలో ఎంతో తేడా. ఒక వారంలో తెగులు సోకితే చెరువు ఖాళీ. ఈ అంచనాని ఆడిటర్ ఎలా నమ్మాలన్నది చక్కని ప్రశ్న. రైతుల చెరువులకి ఈ ప్రమాణం వర్తించదు, పెద్ద కంపెనీలకే.

స్టీల్ ప్లాంట్ ప్రభుత్వ కంపెనీ. దానికి ఆడిటర్లను నియమించేది కాగ్ (ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే రాజ్యాంగ సంస్థ), వాళ్లు చూశాక మళ్లీ అనుబంధ ఆడిట్ చేయగలిగేదీ కాగ్. ఇలా రెండు పొరలున్న చోట మొదటి పొర మరింత జాగ్రత్తగా ఉంటుందా, వెనక ఇంకొకరున్నారులే అని సడలుతుందా? దేశంలోని ప్రభుత్వ కంపెనీలన్నిటి నివేదికలూ బహిరంగమే.

అనకాపల్లి బెల్లం మార్కెట్ నాకు ఇష్టమైన అంశం, ఇంకా ఎవరితోనూ చేయించలేకపోయాను. కమీషన్ వ్యాపారి పుస్తకాలు, రైతుకి ముందే ఇచ్చే అప్పు, సీజన్ చివర చెల్లు. ప్రమాణాలేవీ చెప్పని అకౌంటింగ్ అక్కడ తరాలుగా నడుస్తోంది. వ్యాపారులు నాకు బెల్లం తినిపించారు, పుస్తకం మాత్రం చూపించలేదు.

సీఏ ఉంది, ఎంకామ్ లేదు. పీహెచ్‌డీ చేయొచ్చా?

చేయొచ్చు. సీఏ, సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్), సీఎస్ (కంపెనీ సెక్రటరీ)లను పీజీ డిగ్రీతో సమానంగా చూడవచ్చని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2021 మార్చిలో ప్రకటించింది. చేరాలనుకునే చోట ఆ ఏడాది ప్రకటనలో అర్హతలు మాత్రం కళ్లారా చదువుకోండి. ఊళ్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం, గీతం, 2015లో మొదలైన ఐఐఎం ఉన్నాయి. నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ తెచ్చుకుంటే ఇంట్లో డబ్బు అడగక్కర్లేదు.

చేరేముందు ఒక్క పని చేయండి. గణాంకాలంటే భయం ఉంటే అది పోగొట్టుకోండి. మాలో చాలామంది సీఏలు ప్రమాణాలు కంఠతా చెబుతారు, రిగ్రెషన్ టేబుల్ చూడగానే మంచినీళ్లు అడుగుతారు. నేనూ అడిగాను.

15 రోజుల్లో పేపర్ వేస్తాం, ఇంత కట్టండి అని మెయిల్ వచ్చింది. కట్టొచ్చా?

వద్దు. తొలి రోజుల్లో ఒక 'అంతర్జాతీయ' జర్నల్‌కి నేను 4,500 రూపాయలు కట్టాను. మూడో రోజే అంగీకారం వచ్చింది. సమీక్షకుల వ్యాఖ్య ఒక్క ముక్క: 'బాగుంది'. అచ్చయిన పేపర్‌లో నా రెండో పట్టిక స్థానంలో మరెవరిదో గోదుమ ఉత్పత్తి పట్టిక ఉంది. ఇప్పటికీ నా బయోడేటాలో ఆ పేపర్ రాయను.

మంచి జర్నల్ అంటే జవాబుకి నెలలు పడుతుంది, తిప్పి పంపడం ఎక్కువ. అమెరికాలో 'ది అకౌంటింగ్ రివ్యూ' 1926లో మొదలైంది, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరమే. 1963 నుంచి 'జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ రీసెర్చ్', 1979 నుంచి 'జర్నల్ ఆఫ్ అకౌంటింగ్ అండ్ ఎకనామిక్స్' ఉన్నాయి. ముందు చదవడానికి ఇవి, పంపడం తర్వాత. మంచి జర్నల్స్ పేర్లతో ఉండిన యూజీసీ-కేర్ జాబితా కూడా 2025లో తీసేశారు కాబట్టి ఏది మంచిదో ఇక మీరూ మీ గైడూ తేల్చుకోవాలి. థీసిస్ ఇవ్వడానికి పేపర్ అచ్చు కావడం తప్పనిసరి అన్న షరతుని 2022 నిబంధనల్లోనే యూజీసీ తొలగించింది. విశ్వవిద్యాలయం సొంత నియమం ఉంటే వేరు.

ఇవన్నీ డబ్బు పెట్టకుండా ఎక్కడ చదవాలి?

చాలామంది రచయితలు అచ్చుకి ముందటి ప్రతిని ఎస్ఎస్ఆర్ఎన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా పెడతారు. దొరక్కపోతే రచయితకే రెండు లైన్ల మెయిల్ రాయండి, ఎక్కువమంది పంపిస్తారు. మన దేశపు థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఉత్తర్వులు, తనిఖీ నివేదికలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. ఏ ఆడిట్‌లో ఏం చూడకుండా వదిలేశారో పేరాలవారీగా రాస్తారు, సీఏ పిల్లలకి వాటికంటే మంచి కేస్ స్టడీలు లేవు. కంపెనీల అంకెల కోసం ప్రోవెస్ డేటాబేస్ కావాలంటే చందా ఖరీదు, అది ఉన్న సంస్థలో ఎవరినైనా పట్టుకోవాలి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వీఎస్ కృష్ణా గ్రంథాలయం ఉంది, ద్వారకా నగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది. పరీక్షల సీజన్‌లో పౌర గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్లండి. ఫ్యాన్ కింద కుర్చీ అయితే ఇంకా ముందు.